కారు ఏసీ రిపేరుకి ఇస్తున్నారా? గ్యాస్ ఎలా తీస్తారో ముందే అడగండి

నా బిల్లులో ‘గ్యాస్ రికవరీ’ అని ఒక లైను ఉంది. దానికి డబ్బులు కూడా కట్టాను. రికవరీ అంటే గ్యాస్‌ని మెషిన్‌తో లాగి సిలిండర్‌లోకి పట్టడం. కానీ నా కారు ఏసీలోని గ్యాస్‌ని ఎవరూ అలా రికవరీ చేయలేదు. నా కళ్లముందే గాల్లోకి వదిలేశారు. అప్పుడు నాకు తేడా తెలియక ఊరుకున్నాను. నెల తిరక్కుండానే కంప్రెసర్ (ఏసీలో గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) పట్టేసింది. ఏసీ పనికి కారు ఇవ్వబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మొదట వచ్చిన సమస్య చిన్నదే. కారు నడుస్తున్నంతసేపూ ఏసీ బాగానే పనిచేసేది. ఎక్కడైనా ఆగితే మాత్రం చల్లదనం తగ్గిపోయేది. గ్యారేజీలో మెకానిక్ గేజీ తగిలించి ముల్లు చూసి, “కండెన్సర్ లీకవుతోంది సార్, గ్యాస్ తగ్గింది, మార్చాల్సిందే” అన్నాడు. కండెన్సర్ అంటే వేడెక్కిన గ్యాస్‌ని బయటి గాలితో చల్లార్చే భాగం. లీకు కనిపెట్టే రంగు (డై) వేసి చూడలేదు, లీక్ డిటెక్టర్ పెట్టలేదు. నేను సరేనన్నాను.

తర్వాత పది నిమిషాల్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. దగ్గరున్న హెల్పర్ కుర్రాడు స్పానర్‌తో పైపు నట్టు వదులు చేశాడు. బుస్సుమని తెల్లటి పొగమంచులా ఎగజిమ్మింది. కుర్రాడికి గ్లోవ్స్ లేవు, కళ్లద్దాలు లేవు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, చూస్తే రెండు వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పైపులోంచి గ్యాస్‌తో పాటు పసుపు పచ్చని ఆయిల్ కూడా చిమ్మి బంపర్ మీద పడింది. అదే షెడ్డులో ఇంకో కారుకి వెల్డింగ్ జరుగుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను అడిగితే, “ఏం కాదు సార్, అందరూ ఇలాగే వదిలేస్తారు” అన్నారు.

ఏం కాదు అన్నది నిజం కాదు. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి ప్రెషర్‌లో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పైపులోంచి ద్రవంగా బయటికొచ్చి చర్మాన్ని తాకితే ఆ క్షణంలోనే గడ్డకట్టిస్తుంది. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇది గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకి, కారు కింద ఉండే గుంతలో చేరుతుంది. అక్కడ పనిచేసేవాళ్లకి ఊపిరాడకుండా చేయగలదు. మంటకో ఎర్రగా కాలిన లోహానికో తగిలితే విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు పుడతాయి. వెల్డింగ్ జరుగుతున్న షెడ్డులో గ్యాస్ వదలడం ఎంత తప్పో నాకు ఆ రోజు తెలియదు. తెలిసుంటే ఆ కుర్రాణ్ణి అక్కడే ఆపేవాణ్ణి.

బయటి గాలికి చేసే నష్టం వేరే. ఆర్-134ఏ ఓజోన్ పొరని తినదు గానీ, వందేళ్ల లెక్కన అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. నా కారులో పట్టేది అర కిలో. అది మొత్తం వదిలేయడమంటే సుమారు 300 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలని ప్రపంచ దేశాలు 2016లో కిగాలీలో ఒప్పందం చేసుకున్నది ఇందుకే.

కొత్త కండెన్సర్ బిగించి, గేజీ ముల్లు చూస్తూ గ్యాస్ నింపి పంపించారు. చల్లదనం పెరగలేదు సరికదా, ఇంకా తగ్గింది. రెండో వారానికి కంప్రెసర్ నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. తర్వాత కొద్ది రోజులకే పూర్తిగా పట్టేసింది.

అప్పుడు వేరే గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్న: “పోయినసారి గ్యాస్ తీసినప్పుడు ఎన్ని గ్రాములు వచ్చింది?” నా దగ్గర జవాబు లేదు. తూకం వేస్తే కదా తెలిసేది. ఎంత వచ్చిందన్నదే లీకేజీ ఉందో లేదో చెప్పే మొదటి ఆధారం అని ఆయన వివరించాడు. బానెట్ కింద స్టిక్కర్ మీద 500 గ్రాములు అని ఉండి, తీస్తే దాదాపు అంతా వచ్చిందనుకోండి, గ్యాస్ తక్కువై చల్లదనం తగ్గిందన్న మాటే నిలవదు. 200 వస్తే లీకేజీ వెతకాలి. గేజీ ముల్లు ఈ సంగతి చెప్పలేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా, నిండుగా ఉన్నా ప్రెషర్ ఒకటే. 25 డిగ్రీల వేడిలో సుమారు 80 పీఎస్‌ఐ దగ్గర నిలబడుతుంది.

ఆయన గ్యాస్ ఎలా తీశాడో దగ్గరుండి చూశాను. ముందు స్టిక్కర్ చదివి ఏ గ్యాసో చూసుకున్నాడు. చిన్న పరికరంతో లోపల ఉన్నది నిజంగా అదేనా, వంటగ్యాస్ లాంటి మండే గ్యాసేమైనా కలిపారా అని పరీక్షించాడు. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని నీలం గొట్టం లో-సైడ్‌కి (తక్కువ ప్రెషర్ వైపు), ఎర్ర గొట్టం హై-సైడ్‌కి (ఎక్కువ ప్రెషర్ వైపు) తగిలించాడు. రెండు మూతుల సైజులు వేరు, కాబట్టి తారుమారు కావు. మెషిన్ ఆన్ చేస్తే గ్యాస్‌ని లాగి తన సిలిండర్‌లోకి పంపుతూ గ్రాములు చూపించింది. ప్రెషర్ సున్నా కన్నా కిందికి వెళ్లాక కూడా ఆయన నట్టు ముట్టుకోలేదు. కొన్ని నిమిషాలు ఆగాడు. ముల్లు మళ్లీ పైకి లేచింది. ఆయిల్‌లో కరిగి ఉన్న గ్యాస్ నెమ్మదిగా బయటికొస్తుందట. మళ్లీ లాగాడు. ముల్లు కదలకుండా నిలబడ్డాకే పైపు విప్పాడు, అదీ ముఖం పక్కకి తిప్పి, నెమ్మదిగా. తొందరపడే చోట్ల దెబ్బలు తగిలేది ఈ ఆగే సమయాన్ని ఎగ్గొట్టడం వల్లే.

మెషిన్ చూపించింది 680 గ్రాములు. అంటే మొదటి గ్యారేజీవాళ్లు 180 ఎక్కువ కుక్కారు. గ్యాస్‌తో పాటు వచ్చిన ఆయిల్ మెషిన్ సీసాలో చెంచాడు కూడా లేదు, నల్లగా ఉంది, అందులో లోహపు పొడి మెరుస్తోంది. మొదటిసారి నట్టు విప్పినప్పుడు బంపర్ మీద పడింది కంప్రెసర్‌ని కాపాడాల్సిన ఆయిలే. ఎంత పోయిందో కొలవలేదు కాబట్టి తిరిగి ఎంత పోయాలో కూడా వాళ్లకి తెలియదు. అసలు పోయనే లేదు.

ఇంతకీ నా కారుకి అసలు జబ్బు? కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదు. కారు కదులుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లార్చేది, ఆగితే ఆ గాలి ఉండదు. అందుకే ఆగినప్పుడు మాత్రమే చల్లదనం తగ్గేది. నా పాత కండెన్సర్ బాగానే ఉండి ఉంటుందని ఇప్పుడు నా నమ్మకం, నిరూపించడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

కాబట్టి బానెట్ తెరవకముందే అడగండి: రికవరీ మెషిన్ ఉందా, నాకు చూపిస్తారా? తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములు, ఆయిల్ ఎంత, తిరిగి ఎంత నింపారు, మూడూ బిల్లు మీద రాయించుకోండి. పైపులు విప్పాక కొత్త ఓ-రింగులు (అతుకుల్లో వేసే రబ్బరు రింగులు) వేశారా, డ్రయ్యర్ (లోపలి తేమని పీల్చే భాగం) మార్చారా, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలంతా లాగేసి) ముల్లు నిలబడిందో లేదో చూశారా అని కూడా అడగండి. గ్యాస్ నింపడం తూకం ప్రకారమే జరగాలి. కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ ఉండొచ్చు. దానికి కొద్దిగా మండే గుణం ఉంది, దానికి తగిన మెషినే వాడాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల కంప్రెసర్‌లో వేరే రకం ఆయిల్ ఉంటుంది, మామూలు ఆయిల్ కలిస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. మీరెప్పుడైనా లీకేజీ ఆపే సీలెంట్ డబ్బా వాడి ఉంటే దాచకుండా చెప్పండి, అది మెషిన్‌ని పాడుచేస్తుంది. వీడియోలు చూసి ఇంట్లో వాల్వు పిన్ను నొక్కే పని మాత్రం ఎవరూ చేయకండి.

మొదటి గ్యారేజీకి రెండో గ్యారేజీ ఇచ్చిన స్లిప్పు తీసుకెళ్లి చూపించాను. చాలా వాదన తర్వాత ‘గ్యాస్ రికవరీ’ లైను డబ్బులు వెనక్కిచ్చారు. కంప్రెసర్ ఖర్చు గురించి మాట్లాడలేదు, రాతపూర్వకంగా అడిగి జవాబు కోసం చూస్తున్నాను. హెల్పర్ కుర్రాడు కనిపించాడు. వేళ్ల మీద బొబ్బలు మానుతున్నాయి. గ్లోవ్స్ మాత్రం ఇంకా లేవు.