నిట్ ర్యాప్ డ్రెస్ ప్యాటర్న్: కటింగ్ బాగుంది, మెడ పట్టీకి గుర్తులు చాలవు

ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి పడి నడుము దగ్గర నాడాతో ముడిపడే ర్యాప్ డ్రెస్‌లో ప్రాణమంతా మెడ అంచులోనే ఉంటుంది. భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా దిగే ఆ అంచు ఒంటికి అతుక్కుని నిలబడాలి. లేకపోతే వంగినప్పుడల్లా చేత్తో పట్టుకోవాల్సిందే. నిట్, అంటే సాగే అల్లిక బట్ట కోసం ఇచ్చిన ఈ పీడీఎఫ్ ప్యాటర్న్ (ప్రింట్ తీసి బట్ట కత్తిరించుకునే నమూనా) గీసినవాళ్లు ఆ గీతను చాలా శ్రద్ధగా గీశారు. అయితే దానికి పట్టీ ఎలా వేయాలో చెప్పేటప్పుడు ఆ శ్రద్ధ చూపలేదు. ఆ ఒక్క లోటూ మనమే పూడ్చుకుంటే కుట్టిన డ్రెస్ నిజంగా అందంగా వస్తుంది.

ప్యాటర్న్‌లో ఉన్నవి: పై భాగం ముందు, వెనక, స్కర్ట్ ముందు, వెనక, చెయ్యి, మెడ పట్టీ, నాడా. డాట్లు (ఒంటి ఆకారానికి సరిపోయేలా కుట్టే కోణపు మడతలు) లేవు. ఛాతీ దగ్గర కావలసిన వదులంతా నడుము కుట్టులో కుచ్చులుగా కలిపేశారు, సాగే బట్టకు ఇదే సరైన పద్ధతి. కుట్టు కోసం వదిలే 1 సెం.మీ. మార్జిన్ కలిపే ఉంది. ప్రింట్ తీసేటప్పుడు మాత్రం కొలత గడిని టేపుతో కొలవకుండా ముందుకు వెళ్లకూడదు. 10 సెం.మీ. ఉండాల్సిన గడి 9.8 వచ్చిందంటే 90 సెం.మీ. ఛాతీ దగ్గర 1.8 సెం.మీ. తగ్గిపోయినట్టు.

బట్ట విషయంలో ‘సాగేది ఏదైనా సరే’ అని రాయడం పొరపాటు. 10 సెం.మీ. ముక్కను అడ్డంగా లాగితే 15 దాకా రావాలి, వదలగానే మళ్లీ 10 దగ్గరికి చేరాలి. 10.5 దగ్గరే ఆగిపోయే బట్టతో కుడితే కాసేపు కూర్చుని లేచేసరికి వెనక సంచిలా వేలాడుతుంది. 200 నుంచి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మధ్య ఉన్న విస్కోస్ లైక్రా జెర్సీ ఒంటి మీద చక్కగా జారుతూ పడుతుంది, కానీ తన బరువుకు తానే నిలువునా సాగుతుంది. కాటన్ లైక్రా అంత సాగదు, జారు కూడా అంతంత మాత్రమే. పోంటే లాంటి మందపాటి నిట్ అయితే కుచ్చుల దగ్గర ఉబ్బెత్తుగా నిలబడిపోతుంది. ఏ బట్టయినా డ్రెస్‌ని ఎలా ఉతకబోతున్నారో అలాగే ముందొకసారి ఉతికి ఆరబెట్టాలి. విస్కోస్ మొదటి ఉతుకులో బాగా ముడుచుకుపోతుంది.

సైజు ఎంచుకునేటప్పుడు ఛాతీ నిండు కొలతకు బదులు చంకల కింద నుంచి ఛాతీ పైగా తీసిన కొలతను చూడాలి. భుజాలు, చంక గుండ్రం దానితోనే కుదురుతాయి. ఈ రెండు కొలతల మధ్య తేడా 8 సెం.మీ. దాటితే ముందు భాగాన్ని కాగితం మీదే కోసి ఛాతీ దగ్గర వెడల్పు చేసుకోవాలి. పెరిగిన వెడల్పు కిందికి దిగి కుచ్చుల్లో కలిసిపోతుంది, అదనంగా డాట్ అక్కర్లేదు. అలా చేయకుండా పెద్ద సైజు తీసుకుంటే భుజం జారుతుంది, మెడ తెరుచుకుంటుంది, ఆ తర్వాత తప్పంతా పట్టీ మీద పడుతుంది.

ఇక ఆ పట్టీ సంగతి. మధ్య సైజులో మెడ అంచు మొత్తం 120 సెం.మీ., పట్టీ 108. నిష్పత్తి సరైనదే. కానీ గుర్తు ఒక్కటే ఇచ్చారు, వెనక మెడ మధ్యలో. దాంతో పట్టీని అంచు పొడవునా సమానంగా లాగి కుట్టేస్తారు. అప్పుడు నడుము దగ్గర అక్కర్లేని చోట ముడతలు పడతాయి, ఛాతీ మీద బిగువు చాలక అంచు నోరు తెరుస్తుంది. ఏటవాలు అంచు ఎక్కువగా సాగేది ఛాతీ మీదే కాబట్టి లాగుడులో ఎక్కువ భాగం అక్కడే ఉండాలి. పట్టీ మీద సుద్దతో ఇలా గుర్తులు పెట్టుకుంటే సరిపోతుంది: వెనక మెడ 18 సెం.మీ.కి పట్టీ 16. భుజం నుంచి కిందికి మొదటి 15కి 14. ఛాతీ మీది 24కి 20. నడుము దగ్గరి చివరి 12కి లాగకుండా 12. రెండు పక్కలా కలిపితే ఆ 108 సరిగ్గా వస్తుంది. పట్టీని బట్ట ఎక్కువ సాగే దిశలోనే, 5 సెం.మీ. వెడల్పున కత్తిరించాలి. మడిచి కుట్టాక పైకి 1.5 కనిపిస్తుంది. కుట్టేటప్పుడు లాగాల్సింది పట్టీని మాత్రమే, కింది బట్టను లాగితే చేసిన లెక్కంతా వృథా.

సూది 75 నంబరు స్ట్రెచ్ సూది ఉండాలి. మామూలు సూది అల్లికలోని పోగును తెంపుతుంది, లైక్రా మీద కుట్లు తప్పిస్తుంది. జిగ్‌జాగ్ వెడల్పు 0.5 నుంచి 1 మి.మీ., పొడవు 2.5 చాలు. బట్ట అలలు అలలుగా వస్తుంటే మిషను పాదం ఒత్తిడి తగ్గించాలి, వాకింగ్ ఫుట్ (పై బట్టనూ కింది బట్టతో పాటే జరిపే పాదం) ఉంటే ఇంకా మంచిది.

సూచనల్లో అసలే లేని మాట ఒకటుంది: నడుము కుట్టుకు ఆసరా. 250 జీఎస్‌ఎం బట్ట స్కర్ట్‌కి రెండు చదరపు మీటర్లు పట్టిందంటే అర కిలో బరువు ఆ ఒక్క కుట్టు మీద వేలాడుతుంది. సాయంత్రానికి నడుము రెండు వేళ్లు కిందికి దిగుతుంది. 6 మి.మీ. పారదర్శక ఎలాస్టిక్‌ను లాగకుండా, నడుము కుట్టు పొడవుకు సమానంగా పెట్టి మార్జిన్‌లో కలిపి కుట్టాలి. భుజం కుట్టుకూ ఇదే మందు. విస్కోస్ అయితే పై భాగం పొడవు ముందే 1 సెం.మీ. తగ్గించుకోవడం మేలు.

నాడా దూర్చే రంధ్రం ఎటువైపు ఉండాలో బొమ్మలో తికమకగా ఉంది. కుడి ముందు భాగం పైన పడేలా కట్టుకుంటే రంధ్రం కుడి పక్క కుట్టులో, నడుముకు సరిగ్గా పైన, 4 సెం.మీ. మేర వదలాలి. లోపలుండే ఎడమ భాగం నాడా అందులోంచి బయటికి వచ్చి వెనకగా తిరుగుతుంది. రంధ్రానికి రెండు చివరలా వెనక్కి కుట్టి గట్టి చేయకపోతే లాగినప్పుడల్లా కుట్టు విడిపోతుంది.

చేతులు పక్క కుట్లు వేయకముందే, బట్ట పరిచి ఉండగానే ఎక్కించమన్నారు. మంచి సలహా, నిట్‌కు అదే సులువు.

స్కర్ట్ ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి పడే వెడల్పు మాత్రం తక్కువగా ఉంది. నిలబడితే బాగానే ఉంటుంది, కూర్చుంటే తొడ మీద తెరుచుకుంటుంది. కత్తిరించే ముందే రెండు ముందు భాగాల అంచునూ కింది వైపు 8 సెం.మీ. పెంచి, నడుము దగ్గరికి వచ్చేసరికి సున్నా చేస్తూ గీసుకోవాలి. దీనికి చెప్పిన 2.75 మీటర్లు చాలవు, 150 సెం.మీ. పన్నాలో 3 మీటర్లు తీసుకోవాలి. కింది అంచు మడిచే ముందు డ్రెస్‌ని ఒక రోజు హ్యాంగర్‌కి వేలాడదీయాలి. ఏటవాలు భాగాలు సాగాల్సినంత సాగాక అంచు సమంగా కత్తిరించి, 2 సెం.మీ. మడిచి, జంట సూదితో కుట్టాలి. రెండు వరసల మధ్య బట్ట గట్టులా లేస్తే పై దారం బిగువు కొంచెం తగ్గించి, అదే బట్ట ముక్క మీద మళ్లీ చూసుకోవాలి.