జిరాఫీ గోడపటం: కొనదగినదే, ఒక దిద్దుబాటుతో

విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో మా అమ్మాయి కోసం కొన్న జిరాఫీ గోడపటం నాకెంతో నచ్చింది. అంత పొడవైన మెడలోనూ మనిషికి ఉన్నట్లే 7 వెన్నుపూసలే ఉంటాయనీ, ఒక్కొక్కటి దాదాపు 25 సెంటీమీటర్లు ఉంటుందనీ, అంత ఎత్తున ఉన్న మెదడుకు రక్తం అందించాలి కనుక దాని రక్తపోటు మన రక్తపోటుకు సుమారు రెట్టింపు ఉంటుందనీ బొమ్మలతో ఎంతో శ్రద్ధగా వివరించారు. తుమ్మ జాతి చెట్ల ముళ్ల మధ్య నుంచి ఆకులు లాగే దాదాపు 45 సెంటీమీటర్ల నల్లని నాలుక చిత్రం అద్భుతం.

అయితే, మెడలతో కొట్టుకుంటున్న రెండు మగ జిరాఫీల బొమ్మ కింద ‘ప్రేమగా ఆడుకుంటున్న జంట’ అని అచ్చువేయడం క్షమించరాని పొరపాటు. అది ఆధిపత్యం కోసం, ఆడ జిరాఫీతో జతకట్టే అవకాశం కోసం సాగే పోరు. ఆ వాక్యాన్ని పిల్లలకు తప్పక సరిదిద్ది చెప్పండి. లామినేషన్ ఉన్నందువల్ల మన సముద్రపు తేమకు అంచులు ముడుచుకోలేదు.