రాత్రిపూట సైకిల్‌కి ఏ లైటు మేలు: యూఎస్‌బీ లైటా, టార్చా, విడి బ్యాటరీ లైటా?

చీకటి పడ్డాక సైకిల్ తొక్కడానికి లైటు కొనబోతే ముందు కంటపడేది అంకె. ఒకదాని మీద 400 ల్యూమెన్లు (లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత) అని ఉంటుంది, పక్కదాని మీద 1000, దాని పక్కన అంతకన్నా తక్కువ ధరకే 10,000. మూడోది తీసుకోవాలనిపించడం సహజం. నేను మొదటిసారి అదే తీసుకున్నాను. వెలిగించగానే రోడ్డంతా పట్టపగల్లా అయింది. ముప్పావుగంట గడిచేసరికి వెలుగు కొడిగట్టిన దీపంలా మసకబారి, ఒక మలుపు దగ్గర పూర్తిగా ఆరిపోయింది. వీధి దీపాలు లేని దారి. సైకిల్ దిగి, ఫోన్ వెలుగులో నడిపించుకుంటూ ఇంటికి చేరాను. ఆ తర్వాత నాలుగు రకాల లైట్లు వాడాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ల్యూమెన్ల దగ్గర మొదలుపెట్టను, నువ్వు ఎంత వేగంతో పోతావు, ఎంతసేపు పోతావు అని అడుగుతాను.

వేగం ఎందుకంటే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 7 మీటర్లు ముందుకెళ్తాం. ఎదురుగా గుంత కనబడి, బుర్రకు ఎక్కి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, అప్పటికే 10 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 6 మీటర్లు. కాస్త వెసులుబాటు కూడా కలుపుకుంటే కనీసం 20 మీటర్ల దూరం స్పష్టంగా కనబడాలి. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. గంటకు 15 కిలోమీటర్లతో నెమ్మదిగా పోయేవాళ్లకు 10 మీటర్లు కనబడినా సరిపోతుంది. చిమ్మచీకటి దారిలో 20 మీటర్లు చూపించడానికి, వెలుగు నేలమీద సరిగ్గా పడితే, నిజమైన 300 నుంచి 500 ల్యూమెన్లు చాలు. వీధి దీపాలున్న రోడ్డు మీద 100, 200 చాలు, అక్కడ మనం చూడటంకన్నా మనల్ని ఇతరులు చూడటం ముఖ్యం.

"నిజమైన" అన్న మాట ఊరికే వాడలేదు. ఈ తరగతి లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరు అక్కడినుంచే వచ్చింది. మంచి సెల్లులో సుమారు 3400 ఎంఏహెచ్ ఉంటుంది, వోల్టేజి 3.6. రెండూ కలిపి లెక్కిస్తే దాదాపు 12 వాట్-అవర్ల శక్తి. ఎల్‌ఈడీ, దాని సర్క్యూటు కలిసి ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయనుకుందాం. 1000 ల్యూమెన్లకు 10 వాట్లు కావాలి, అంటే ఆ సెల్లు గంటా పది నిమిషాలు వస్తుంది. 400 ల్యూమెన్లకు మూడు గంటలు. 10,000 ల్యూమెన్లకు 100 వాట్లు కావాలి, అంటే ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో పుట్టే వేడికి పిడికిలంత లైటు చేత్తో ముట్టుకోలేనంతగా కాలిపోతుంది. ఒక సెల్లుతో, అరచేతిలో పట్టే లైటు మీద 10,000 అని కనబడితే అది పేరు గొప్ప ఊరు దిబ్బ. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా అంతే, ఆ సైజులో అంత శక్తి పట్టదు. వంటింటి త్రాసు ఉంటే తూచి చూడండి. మంచి 18650 సెల్లు 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది. నేను తూచిన నకిలీది 30 గ్రాములు కూడా లేదు.

డబ్బా మీద రాసే గంటల లెక్కలో ఇంకో మెలిక ఉంది. టార్చిలకూ ఇలాంటి లైట్లకూ ఎఫ్‌ఎల్1 అనే కొలత పద్ధతి 2009లో వచ్చింది. మంచిదే. దాని ప్రకారం ల్యూమెన్లను లైటు వెలిగించిన మొదటి రెండు నిమిషాల్లోపే కొలుస్తారు. ఎన్ని గంటలు వస్తుందన్నది మాత్రం వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. అందుకని "800 ల్యూమెన్లు, 3 గంటలు" అని రాసి ఉన్న లైటు అయిదు నిమిషాలు 800 ఇచ్చి, వేడెక్కి 250కి తగ్గి, మిగతా సమయమంతా అక్కడే ఉండొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ మనం అనుకున్నదీ అది కాదు. కొనేముందు సమయం గడిచేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫు దొరుకుతుందేమో వెతకండి. గీత అడ్డంగా, నిలకడగా ఉన్న 400 ల్యూమెన్ల లైటు, కొండ దిగినట్టు పడిపోయే 1000 ల్యూమెన్ల లైటుకన్నా చీకట్లో ఎంతో ధైర్యం.

ఇక రకాలు.

మొదటిది, లైటూ బ్యాటరీ ఒకే డబ్బాలో ఉండి యూఎస్‌బీతో ఛార్జయ్యేది. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లకు ఇదే నా మొదటి ఓటు. వైర్లుండవు, తీసి జేబులో వేసుకోవచ్చు, ఫోన్ ఛార్జరుతోనే నిండుతుంది. చాలావాటికి ఛార్జింగ్ ఎంత మిగిలిందో చూపించే చిన్న రంగు దీపం ఉంటుంది, అది ఎర్రగా మారితే ఇంటికి ఎంత దూరముందో లెక్కేసుకోవచ్చు. లోపం ఏమిటంటే చాలావాటిలో బ్యాటరీ మార్చడానికి వీల్లేదు. రెండు మూడేళ్ల తర్వాత సెల్లు నీరసిస్తే లైటంతా పాతబడినట్టే. ఛార్జింగ్ రంధ్రానికి ఉండే రబ్బరు మూతను మాత్రం కొనేముందు గోటితో లాగి చూడండి. వదులుగా ఉంటే మొదటి వానకే నీళ్లు లోపలికి పోతాయి. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్. ఐపీఎక్స్4 అంటే చినుకులు, చిమ్మే నీళ్లు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేలా పరీక్షించారన్నమాట. వానల్లో తొక్కేవాళ్లు ఈ రెండో దానివైపు చూడటం మంచిది.

రెండోది, మామూలు ఎల్‌ఈడీ టార్చి, దాన్ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లిప్పు. పెట్టిన డబ్బుకు వచ్చే వెలుగు చూస్తే దీన్ని మించింది లేదు. సెల్లు విడిగా తీయొచ్చు కాబట్టి, జేబులో ఇంకొకటి ఉంటే దారిలోనే మార్చుకుని ముందుకు పోవచ్చు. సైకిల్ దిగాక ఇంట్లో కరెంటు పోయినప్పుడూ పనికొస్తుంది. అయితే దీనితో నాకు ఒకసారి గుండె గుభేలుమంది. వెనక నొక్కే బటన్ ఉన్న టార్చిల్లో చాలావాటికి, కరెంటు క్షణం తెగి మళ్లీ కలిస్తే మోడ్ మారిపోతుంది. గతుకు మీద చక్రం ఎగిరినప్పుడు లోపలి సెల్లు స్ప్రింగు మీద ఒక్క క్షణం కదిలింది. నిండు వెలుగులో ఉన్నది కాస్తా కళ్లు చెదిరే టపటప మోడ్‌లోకి వెళ్లిపోయింది, అదీ వాలులో దిగుతుండగా. ఆ తర్వాత బటన్ పక్కన ఉండే టార్చి తీసుకున్నాను, దానికి ఆ బాధ లేదు. కొంటే సెల్లు బిగువుగా కూర్చునే టార్చి చూసుకోండి. ప్లాస్టిక్ క్లిప్పులు గతుకులకు జారి కిందికి తిరిగిపోతుంటాయి, పాత ట్యూబు ముక్క ఒకటి హ్యాండిల్‌కు చుట్టి దానిమీద బిగిస్తే కదలదు.

మూడోది, లైటు హ్యాండిల్ మీద, బ్యాటరీ సంచి ఫ్రేముకు, మధ్యలో వైరు. రెండు మూడు ఎల్‌ఈడీలతో మెరిసిపోయే చవక లైట్లలో ఎక్కువ ఈ రకమే. అడవి బాటల్లో, మట్టి దారుల్లో, చుట్టూ వెలుగు పరచుకోవాల్సిన చోట ఇవి బాగుంటాయి. నాలుగు సెల్లుల ప్యాక్ కాబట్టి ఎక్కువసేపు వస్తాయి కూడా. కానీ చవక ప్యాకుల్లో ఏ సెల్లులు పెట్టారో విప్పితే తప్ప తెలియదు. ఇందులో నేను రాజీపడను: రాత్రి నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టే పనైతే ఇది వద్దు. లిథియం సెల్లు దెబ్బతింటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. లైటు బాగుందనిపిస్తే, దాన్ని ఉంచుకుని, ప్యాక్ మాత్రం నమ్మకమైన సెల్లులున్నది, రక్షణ సర్క్యూటు ఉన్నది విడిగా కొనుక్కోవడం మేలు.

డైనమో గురించి రెండు ముక్కలు. చక్రం ఇరుసులో ఉండే డైనమో మామూలుగా 6 వోల్టుల దగ్గర 3 వాట్లు ఇస్తుంది. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ 3 వాట్లే రోడ్డుకు సరిపోతున్నాయి, ఆగినప్పుడు కూడా కాసేపు వెలిగేలా కొంచెం కరెంటు దాచుకునే కెపాసిటరు చాలా లైట్లలో ఉంటుంది. ఛార్జింగ్ అన్న టెన్షనే ఉండదు. అయితే చక్రం మార్చాలి కాబట్టి ఇది చవక కాదు. టైరుకు రాసుకుంటూ తిరిగే పాతకాలపు డైనమో చవకే గానీ తడిలో జారిపోతుంది, తొక్కేవాడి కాళ్లకు బరువు తెలుస్తుంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ పట్టించుకునేది వెలుగు ఆకారం. టార్చి వెలుగు గుండ్రంగా పోతుంది, సగం నేలమీద, సగం ఆకాశానికీ ఎదుటివాళ్ల కళ్లకూ. కారు డిమ్ లైటులా పైన గీత గీసినట్టు తెగిపోయే వెలుగు ఉన్న సైకిల్ లైట్లూ దొరుకుతాయి. జర్మనీ వాహన నిబంధనలు ఎస్‌టీవీజెడ్‌ఓ ఎదుటివాళ్ల కళ్లు చెదరగొట్టే లైటును ఒప్పుకోవు కాబట్టి, అక్కడి ఆమోదం ఉన్న లైట్లు మామూలుగా ఈ రకమే. వాటిమీద ల్యూమెన్లకన్నా లక్స్ అన్న మాట ముందుంటుంది, అంటే 10 మీటర్ల దూరంలో వెలుగు ఎంత చిక్కగా పడుతోందన్న లెక్క. వెలుగులో చాలా భాగం పైకి పోకుండా రోడ్డు మీదే పడుతుంది కాబట్టి, 200 ల్యూమెన్లకే 500 ల్యూమెన్ల టార్చి చేసే పని జరుగుతుంది. బ్యాటరీ కూడా ఆ మేరకు ఎక్కువ వస్తుంది. ఎదురుగా నడిచి వచ్చే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం రాదు. నాకు అదీ లెక్కే. కొమ్మలు తలకు తగిలే బాటల్లో మాత్రం పైన చీకటిగా ఉండటం ఇబ్బంది, అక్కడ గుండ్రటి వెలుగే నయం.

లైటు హెల్మెట్‌కు కట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఒక రాత్రి ఒకే గుంతను రెండు రకాలుగా చూడండి, తేడా తెలుస్తుంది. హ్యాండిల్ మీది లైటు కంటికన్నా కింద ఉంటుంది, వెలుగు ఏటవాలుగా పడి గుంతలో మన వైపు అంచు కింద నల్లటి నెలవంక లాంటి నీడ ఏర్పడుతుంది. అది చాలా దూరం నుంచే కనబడుతుంది. హెల్మెట్ లైటు కంటి పక్కనే ఉంటుంది కాబట్టి నీడ మనకు కనబడదు, గుంత కూడా చదునైన నేలలాగే ఉంటుంది. మలుపుల్లో తల తిప్పిన వైపు వెలుగు రావడం లాభమే, కానీ రోడ్డు మీద అదొక్కటే నమ్ముకోవద్దు.

వెనక లైటు చవకదే అయినా వెలుగుతూ ఉంటే చాలు, 20 నుంచి 50 ల్యూమెన్లు ధారాళం. ఆగకుండా వెలిగేలా పెట్టండి. టపటప కొట్టుకునే లైటు దృష్టిని లాగుతుంది నిజమే, కానీ ఎంత దూరంలో ఉన్నామో వెనకవాళ్లకు అంచనా వేయడం కష్టం కావొచ్చు. రెండు లైట్లుంటే ఒకటి నిలకడగా, ఒకటి కొట్టుకుంటూ. చీలమండకు చుట్టుకునే రిఫ్లెక్టర్ పట్టీ ఇంకా బాగా పనిచేస్తుంది, పైకీ కిందికీ కదులుతుంటే అది సైకిలని కారువాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

నన్ను ఒకటే చెప్పమంటే, రోడ్డు మీద తొక్కేవాళ్లకు పైన తెగిపోయే వెలుగున్న యూఎస్‌బీ లైటు, నిలకడగా రెండు గంటలు వచ్చేది. అది అందుబాటు ధరలో దొరక్కపోతే పక్క బటన్ ఉన్న టార్చి, మంచి సెల్లులు రెండు. మట్టి దారుల వాళ్లు ప్యాక్ మార్చుకుని మూడోది తీసుకోవచ్చు. ఏది కొన్నా బొటనవేలంత చిన్న లైటు ఒకటి బ్యాగులో పడేసి ఉంచండి, ఆరిపోయిన రాత్రి ఇల్లు చేర్చేది అదే.

బిగించాక ఒక పని ఉంది. సైకిల్‌ను గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, లైటు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మీటరు ఉంటే, వెలుగు మధ్యభాగం గోడమీద ముప్పావు మీటరు ఎత్తున పడేలా వంచండి. అప్పుడది రోడ్డు మీద 20 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అర మీటరు ఎత్తున పడితే 10 మీటర్లకే దిగిపోతుంది. గోడమీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే, గతుకులకు లైటు కదిలినప్పుడల్లా మళ్లీ సరిచేసుకోవడం నిమిషం పని.