నాగోల్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు: హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్ రివ్యూ

ఇల్లు చూసేటప్పుడు అందరూ వాస్తు, నీళ్లు, పార్కింగ్ అడుగుతారు, నేను మాత్రం ముందు స్టేషన్ ఎంత దూరమో అడిగా. బ్రోకర్ అయిదు నిమిషాలే సార్ అన్నాడు, బైక్ మీదట అది, నడిస్తే ఇరవై పట్టింది, అందుకే ఆ ఇల్లు వదిలేసి అద్దె కాస్త ఎక్కువైనా నాగోల్ స్టేషన్‌కి దగ్గర్లో తీసుకున్నా.

బ్లూ లైన్‌కి ఆ చివర నాగోల్, ఈ చివర రాయదుర్గం, రెండూ లాస్ట్ స్టేషన్లే కాబట్టి పొద్దున ఖాళీ బండే ఎక్కుతాం, సాయంత్రం కూడా అంతే, దాదాపు రోజూ సీటు దొరుకుతుంది. మధ్యలో ఎక్కేవాళ్లకి ఈ సుఖం లేదు పాపం. అమీర్‌పేట్‌లో రెడ్ లైన్ నుంచి బండి మారే జనం ఒక్కసారిగా తోసుకుని ఎక్కుతారు, బ్యాగు ఒళ్లో పెట్టుకోవాల్సిందే, డోర్ దగ్గర నిలబడితే మాత్రం మీ ఇష్టం లేకుండానే దిగిపోతారు. మొత్తం 23 స్టేషన్లు, దాదాపు గంట ప్రయాణం, అయినా ఉప్పల్ రోడ్డు మీద హారన్ల మధ్య బండి నడిపిన రోజులు గుర్తొస్తే ఇది హాయి అండి, ఇంటికొచ్చాక పాపతో ఆడుకునే ఓపిక ఉంటోంది.

ఇల్లు ఫైనల్ చేసే ముందు ఒక సోమవారం పొద్దున గుమ్మం నుంచి ప్లాట్‌ఫాం దాకా నడిచి చూడండి.