బరంపురం పెద్ద బజారులో వెన్న పఫ్, ఛెనా పోడ

బరంపురంలో బేకరీలకు కొదవ లేదు. ఏ వీధిలో చూసినా అద్దాల బీరువాల్లో పఫ్‌లు, క్రీమ్ బన్నులు, రస్కులు కనిపిస్తూనే ఉంటాయి. అయినా పఫ్ తినాలనిపించినప్పుడు నేను వెళ్ళేది పెద్ద బజారు వెనుక వీధిలో, రెండు బల్లలు మాత్రమే పట్టే ఒక చిన్న దుకాణానికి. అక్కడ ఇటుకలతో కట్టిన బట్టీ ఇంకా కట్టెలతోనే మండుతుంది, పిండి మడతల్లో అచ్చమైన వెన్న పడుతుంది.

వెన్న వాడటం ఎంత కష్టమైన పనో పఫ్ తయారీ తెలిసినవారికి అర్థమవుతుంది. మైదా ముద్దను పలకలా ఒత్తి, మధ్యలో చల్లని వెన్నను పరిచి, మూడు మడతలు వేసి మళ్ళీ ఒత్తుతారు. ఇలా ఆరుసార్లు చేస్తే లోపల 729 వెన్న పొరలు ఏర్పడతాయి. బట్టీలో పెట్టగానే వెన్నలోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. కరిగిన కొవ్వు వాటిని ఒకదానికొకటి అంటుకోనివ్వదు. తాపేశ్వరం మడత కాజా నూనెలో విచ్చుకున్నట్లే పఫ్ ఆవిరితో విచ్చుకుంటుందన్నమాట. అయితే వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, బరంపురం ఉన్న గంజాం జిల్లాలో వేసవి మధ్యాహ్నం గది వేడే అంతకు మించి ఉంటుంది. పిండిలో వెన్న కలిసిపోయిందంటే ఇక పొరలు రావు. చాలా బేకరీలు వెన్నకు బదులు వాడే మార్జరిన్ అనే కొవ్వు వైపు మళ్ళడానికి ధరతో పాటు ఇదీ ఒక కారణం. పఫ్‌ల కోసం చేసే మార్జరిన్ ఎండకు నిలుస్తుంది గానీ మన ఒంటి వేడికి పూర్తిగా కరగదు కనుక తిన్న తరువాత చాలాసేపు అంగిటికి జిడ్డుగా అంటుకుని ఉంటుంది. (గుండెకు చేటు చేసే కృత్రిమ ట్రాన్స్ కొవ్వులు 2 శాతానికి మించరాదన్న ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది కనుక, నేటి మార్జరిన్‌ను ఒకప్పటి డాల్డాతో సమానంగా చూడనక్కరలేదు. నా అభ్యంతరమంతా రుచి గురించే.) ఈ దుకాణంలో తెల్లవారుజామునే మడతల పని మొదలుపెట్టి, మడతకూ మడతకూ మధ్య పిండిని ఫ్రిజ్‌లో ఉంచుతారు.

పఫ్‌లు ఉదయం ఒక వాయ, సాయంత్రం ఒక వాయ దిగుతాయి. "ఇంకో పావుగంట కూర్చోండి బాబూ, వాయ దిగిపోతుంది" అని యజమానురాలు నాతో తెలుగులో అంటూనే పక్కవారికి ఒడియాలో లెక్క చెబుతారు. ఆ పావుగంట తప్పక కూర్చోవాలి. సముద్రం దగ్గరున్న ఊరు కావడం వల్ల గాలిలోని తేమకు పఫ్ తొందరగా మెత్తబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు కొరికితే పై పొరలు పెళపెళమని విరిగి, లోపలివి మృదువుగా విడిపోతాయి. బంగాళాదుంప, ఉల్లిపాయ కూరను తడి ఇగిరేదాకా వేయించి పెడతారు కాబట్టి అడుగు పచ్చిగా మిగలదు. ఏ బేకరీలోనైనా నేను మొదట పఫ్‌ను తిరగేసి చూసేది అందుకే. ఇక్కడ అడుగు కూడా పైభాగమంత ఎర్రగా కాలి ఉంటుంది.

ఇక ఛెనా పోడ. పాలు విరిచి తీసిన ఛెనాలో పంచదార, కొద్దిగా రవ్వ, యాలకుల పొడి కలిపి, సాల్ చెట్టు ఆకుల్లో చుట్టి, సాయంత్రం పఫ్‌లు దిగిన తరువాత తగ్గుతున్న బట్టీ వేడిలో గంటల తరబడి వదిలేస్తారు. పైన పంచదార మాడీ మాడని దశకు చేరి నల్లబడుతుంది, ఆ చిరుచేదు లోపలి తీపికి హద్దు గీస్తుంది. ఆకుల వాసన, కట్టెల పొగ వాసన అంచుల్లో నిలిచి ఉంటాయి. నయాగఢ్ ప్రాంతంలో పుట్టిన ఈ మిఠాయిని ఒడిశా అంతటా చేస్తారు. అయితే గ్యాస్ ఓవెన్‌లో రేకు అచ్చులో కాల్చిన ముక్కకు ఈ గుణం రాదని నా గట్టి నమ్మకం. పేస్ట్రీని ఇష్టపడే తెలుగువారు దీనిని ఒడియా మిఠాయిగా పక్కన పెట్టకూడదు. బట్టీలో కాల్చే విద్యలో ఇది ఏ చీజ్‌కేక్‌కూ తీసిపోదు, వెన్న పఫ్ పక్కన సమానంగా నిలవవలసిన వంటకం.

క్రీమ్ పేస్ట్రీలు మాత్రం నేను సిఫారసు చేయను. క్రీమ్‌లో వెన్న రుచి లేదు, తీపి మరీ ఎక్కువ. బ్రెడ్డు ఫరవాలేదు.

పఫ్ ధర మామూలు బేకరీ కంటే పది రూపాయలు ఎక్కువ, ఆ పదీ ఇవ్వదగినదే. ఛెనా పోడ కోసం ఉదయమే వెళ్ళాలి, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంటికి తెచ్చుకున్న పఫ్‌ను మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడిపోతుంది; మూకుడు మూసిన పెనం మీద సన్నని సెగన కాసేపు ఉంచితే పొరలు మళ్ళీ కరకరలాడతాయి. ఛెనా పోడ ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది, కానీ తినే ముందు అరగంట బయట ఉంచి చల్లదనం పోనివ్వాలి.