బ్లూసా, కంట్రీయా, లాటినా: దేనితో మొదలుపెట్టాలి?

పాత అమెరికా పాటలు వినాలనుంది, దేనితో మొదలుపెట్టమంటారు అని ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. ముగ్గురికీ బ్లూస్ అనే చెప్పాను, అదే అమెరికా నల్లజాతివారి పాట. ఇద్దరు రెండ్రోజులకే మానేశారు. తప్పు నాదే. నేరుగా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936-37 రికార్డులు చేతిలో పెట్టాను. ఒక్క గొంతు, ఒక్క గిటారు, పైన గరగర. కొత్తవాళ్లు పారిపోక ఏం చేస్తారు!

మాటలు అర్థమవ్వాలి, కథ నడవాలి అంటే కంట్రీ సులువు. రైళ్లు, తాగుడు, వదిలొచ్చిన ఊరు... యాస అలవాటైతే చాలు. కాలు ఆడితే చాలనుకుంటే లాటిన్. క్యూబా పాటల్లో రెండు కర్రముక్కలతో కొట్టే క్లావే ఉంటుంది. ఆ ఐదు దెబ్బల దరువు చెవికి దొరికిందంటే స్పానిష్ రాకపోయినా ఇబ్బంది లేదు. జాజ్, గాస్పెల్ తర్వాత చూసుకోవచ్చు.

నేను చూసేది ఒక్కటే: ఏది పట్టుబడితే మిగతా రెండూ తేలికవుతాయి? బ్లూస్ చరణానికి సాధారణంగా మూడే పాదాలు. మొదటిది పాడతారు, అదే మళ్లీ పాడతారు, మూడోదాంట్లో జవాబు. పాదానికి నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) చొప్పున మొత్తం పన్నెండు. పాదం సగం దాటేసరికి గొంతు ఆగుతుంది, మిగతా చోటు వాయిద్యానిది. 1925లో బెస్సీ స్మిత్ పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' వినండి. ఆమె ఆగిన ప్రతిచోటా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) బదులు పలుకుతుంది. వెనక మోగేది పియానో కాదు, హార్మోనియం! మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి భజన గుర్తొచ్చింది.

ఇక జిమ్మీ రాడ్జర్స్ 'బ్లూ యోడల్' పాటలకు రండి. ఆయన్ని కంట్రీకి పితామహుడంటారు. ఆ పాటల్లో ఉన్నది అదే పన్నెండు బార్ల బ్లూస్, చివర గొంతు విరిచి తీసే యోడల్ ఒక్కటే అదనం. 1930లో తొమ్మిదో బ్లూ యోడల్‌కి ట్రంపెట్ ఊదింది కూడా ఆర్మ్‌స్ట్రాంగే.

లాటిన్ వైపూ దారుంది. 1914లో స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ 'సెయింట్ లూయిస్ బ్లూస్' అచ్చువేసినప్పుడే అందులో హబనేరా అనే క్యూబా నాట్యపు నడక పెట్టాడు. బెస్సీ పాటలో అది అంతగా వినపడదు, బ్యాండ్లు వాయించినవి వింటే తెలుస్తుంది. 1927లో అమెరికాలోని బ్రిస్టల్‌లో రాడ్జర్స్‌ను మొదట రికార్డు చేసిన రాల్ఫ్ పీర్ కంపెనీయే తర్వాత మెక్సికో పాట 'బేసమే మూచో'ను ప్రచురించింది. ఇది బ్లూస్, ఇది కంట్రీ అని గోడలు మనం కట్టుకున్నాం గానీ, అమ్మేవాడికి అన్నీ ఒకే కొట్టులో సరుకు.

కాబట్టి ముందు బెస్సీ స్మిత్, తర్వాత రాడ్జర్స్. జాన్సన్‌ని ఓ ఆర్నెల్లు ఆపండి.

మానేసిన ఇద్దరిలో ఒకడు ఇప్పుడు లాటినే బాగుందంటూ పొద్దస్తమానం సంతానా అనే రాక్ బ్యాండ్ వాయించిన 'ఓయె కోమో వా' వింటున్నాడు. పాట లాటిన్ సంగీతకారుడు టీటో ప్యూంటేది, గిటారు మాత్రం అచ్చంగా బ్లూస్. ఆ బ్యాండ్ మొదటి పేరే సంతానా బ్లూస్ బ్యాండ్. వాడికింకా చెప్పలేదు.