పాత ఫైబర్ బోటు కొనేవాళ్ళు జాగ్రత్త: అమ్మేవాడు చూపించే సర్వే కాగితాన్ని నమ్మకండి

రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను, చల్లారితే మొహమాటపడి కొన్ని విషయాలు దాచేస్తానేమోనని భయం.

మాది తిరుపతి. మా అక్కను దుగరాజపట్నం వైపు ఇచ్చాం. బావ ఇరవై ఏళ్ళుగా ఎవరో ఒకరి బోటులో కూలికి వేటకు పోతున్నాడు. ఈసారి సొంత బోటు కొనాలని అక్క నగలు కుదువబెట్టింది, నేను కొంత వేశాను. జూన్ 14తో సముద్రంలో చేపల వేట మీద ఉన్న నిషేధం అయిపోతుంది కాబట్టి ఆలోపు బోటు చేతికి రావాలి. ఆ తొందరే మా కొంప ముంచింది. మాకు బోటు అమ్మిన మనిషి చెన్నై వైపు నుంచి పాత బోట్లు అమ్ముతుంటాడు, మన పక్క చాలామందికి తెలుసు. పేరు రాయను.

28 అడుగుల ఫైబర్ బోటు, దాని వెనక బయట తగిలించే 9.9 హెచ్.పి. అవుట్‌బోర్డ్ మోటారు, రెండూ కలిపి 2 లక్షల 60 వేలు. నీలం రంగు కొత్తగా వేసి ఉంది, చెయ్యి పెడితే జారుతోంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో పేరు, నంబరు అన్నీ సరిపోయాయి. బావ చుట్టూ తిరిగి చూశాడు, ఎక్కి చూశాడు, మోటారు వేసి చూశాడు. బావకు సముద్రం తెలుసు, వల తెలుసు. ఫైబరు లోపల కుళ్ళిన చెక్క మాత్రం ఎవరి కంటికీ కనబడదు.

నేను ముందే ఒక మెరైన్ సర్వేయర్‌తో, అంటే బోటును పరీక్షించి రిపోర్టు రాసిచ్చే మనిషితో, మాట్లాడి పెట్టుకున్నాను. చెన్నై ఆయన. దారిఖర్చుతో కలిపి 9 వేలు అడిగాడు, గురువారం వస్తానన్నాడు. మేము బోటు చూసింది సోమవారం. ఈ మాట చెప్పగానే అమ్మే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "ఏంన్నా, దేవుడి ఊరి నుంచి వచ్చినావు, మనిషిని నమ్మవా?" అన్నాడు. తర్వాత లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. సర్వే రిపోర్టు. సీలు ఉంది, సంతకం ఉంది, బోటు కొలతలు ఉన్నాయి, కింద "కండిషన్ సంతృప్తికరం" అని ఉంది. "సర్వే అయిపోయిన బోటుకు మళ్ళీ సర్వే ఎందుకన్నా, 9 వేలు దండగ. సాయంత్రం కావలి ఊరి నుంచి వేరేవాళ్ళు కొనడానికి వస్తున్నారు, వాళ్ళు ఇవేం అడగరు" అన్నాడు.

నేను ఆ కాగితం మీద తేదీ చూడలేదు. ఎవరి కోసం చేసిన సర్వేనో చూడలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. బావ నా వైపు చూశాడు. చదువుకున్నవాడిని కదా, నేను సరేనంటే సరే అన్నట్టు చూశాడు. నేను తల ఊపాను. గురువారం రావద్దని సర్వేయర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

నిషేధం అయిపోయాక రెండుసార్లు వేటకు పోయి వచ్చారు. మూడోసారి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు, దాటుతుంటే అలకు బోటు లేచి పడింది. వెనక మోటారు ఊగడం మొదలైందట. బావ వెనక్కి తిరిగి చూస్తే మోటారు బిగించిన పలక మూలలో వేలు పట్టేంత పగులు, అందులోంచి నీళ్ళు. మోటారు ఆపేసి, ముగ్గురూ నీళ్ళు తోడుకుంటూ, పక్క బోటు వాళ్ళు తాడు వేసి లాగితే ఒడ్డుకు చేరారు. ప్రాణాలు దక్కాయి, అంతవరకు దేవుడి దయ.

మరుసటి రోజు నేను నాయుడుపేట మీదుగా పరుగెత్తుకుంటూ పోయాను. ఫైబర్ మిస్త్రీ వచ్చి మోటారు దించి, నట్లు ఊడదీశాడు. బోల్టు బెజ్జంలోంచి నల్లటి నీళ్ళు కారాయి. పై పొర కాస్త కోసి స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగింది. లోపలి ప్లైవుడ్ నానిన అట్టపెట్టెలా వేళ్ళతో ఊడి వస్తోంది, కుళ్ళిన కంపు. నేను కూడా చెయ్యి పెట్టి తీశాను. గుప్పెట్లో పిండితే నీళ్ళొచ్చాయి. పైన మాత్రం ఆ నీలం రంగు నిగనిగలాడుతూనే ఉంది.

తెలియనివాళ్ళకు చెబుతాను. ఫైబర్ బోటులో మోటారు తగిలించే వెనక పలకను ట్రాన్సమ్ అంటారు. చాలా బోట్లలో దాని నడుమ ప్లైవుడ్ ఉంటుంది, రెండువైపులా ఫైబరు పొర. బోల్టు బెజ్జాల చుట్టూ సీలు పాడైతే నీళ్ళు లోపలికి పోతాయి. పోయిన నీళ్ళు ఇక ఆరవు. ఏళ్ళ తరబడి లోపల చెక్క కుళ్ళుతూనే ఉంటుంది, బయటికి ఏమీ తెలియదు. పైన రంగు వేస్తే అసలే తెలియదు.

అక్కడి నుంచే బోటు అమ్మినాయనకు ఫోన్ చేశాను. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని అడిగాను, సర్వేలో బాగుందని రాశారు కదా అని. ఆయన అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతోంది. "అది ఇన్సూరెన్సోళ్ళ కోసం చేయించిందన్నా. నీ కోసం చేయించినానా?"

అప్పుడు చూశాను తేదీ. మూడేళ్ళ కిందటిది.

నేను ఇంకేదో అంటుంటే, "తెచ్చుకుంటానన్న సర్వేయర్‌ని నువ్వే వద్దన్నావు గదా, నేను ఫోన్ లాక్కున్నానా?" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. డబ్బు పోయినందుకు ఎంత బాధపడ్డానో ఆ మాటకు అంతకంటే ఎక్కువ బాధపడ్డాను. ఆ కాగితం దేనికో తెలిసి, నేను దాన్ని ఏమనుకుంటున్నానో కూడా తెలిసి, నా చేతిలో పెట్టాడు. ముగ్గురు మనుషులు ఆ బోటు ఎక్కి సముద్రంలోకి పోతారని తెలిసి పెట్టాడు.

సర్వేయర్‌ని ఆ తర్వాత పిలిపించాను, మిగతా బోటైనా పనికొస్తుందో లేదో తెలియాలి కదా. ఆయన ఏమీ అనలేదు, దానికే నాకు సిగ్గేసింది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో అడుగు పొడవునా కొట్టుకుంటూ పోయాడు. బాగున్నచోట టక్కుమని గట్టిగా పలుకుతుంది. చెడినచోట డొల్లగా, మొద్దుగా వస్తుంది. వెనక పలక దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా మా అక్కకు కూడా తెలిసిపోయింది. తేమ కొలిచే మీటరు పెట్టాడు. మోటారు ఉన్నప్పుడైతే దాని కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపి, పలక కదులుతుందేమో చూస్తామన్నాడు. మోటారు ప్లగ్గులు తీసి రెండు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూశాడు. ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి, అంతవరకు ఫర్వాలేదు. గేరు ఆయిల్ మాత్రం పాలలా తెల్లగా వచ్చింది, అంటే సీలు పోయి లోపలికి నీళ్ళు పోతున్నాయి. మొత్తం గంటన్నర పని. ఆ గంటన్నరే సోమవారం మేము వద్దనుకున్నది.

పలక మొత్తం కోసేసి కొత్త మెరైన్ ప్లైవుడ్ పెట్టి, మళ్ళీ ఫైబరు మ్యాటు, రెసిన్ వేయాలి. మిస్త్రీ 65 వేలు చెప్పాడు. మోటారు పని వేరే. వేట సీజన్ మొదట్లోనే బోటు ఒడ్డున పడి ఉంది, నగలకు వడ్డీ నడుస్తోంది. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

కొనబోయేవాళ్ళకు నాకు తెలిసినంత చెబుతాను. సర్వేయర్‌ని మీరే పెట్టుకోండి, డబ్బు మీరే ఇవ్వండి, రిపోర్టు మీ పేరు మీద రాయించుకోండి. ఇన్సూరెన్సు సర్వే వేరు, కొనే ముందు చేయించుకునే సర్వే వేరు. బోటును ఒడ్డుకెక్కించి అడుగు భాగం చూపించమనండి. వీలైతే నీళ్ళలోంచి తీసిన వెంటనే చూడండి, ఎండలో ఆరితే అడుగున ఉన్న బొబ్బలు అణిగిపోతాయి. అడ్వాన్సు ఇచ్చే ముందే "సర్వే బాగుంటేనే కొంటాం, లేకపోతే అడ్వాన్సు వెనక్కి" అని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంత ఆదరాబాదరాగా రాయడానికి ఇంకో కారణం ఉంది. ఈ పొద్దున మాకు బోటు అమ్మినాయన మళ్ళీ ఒక బోటు అమ్మకానికి పెట్టాడు. 30 అడుగులది, అదే నీలం రంగు, "సర్వే రిపోర్టు ఉంది, ఈ వారమే" అని రాశాడు. మన వైపు నుంచి ఎవరో ఇద్దరు శుక్రవారం చూడ్డానికి పోతున్నామని ఆ పోస్టు కింద రాశారు. అన్నా, మీరెవరో నాకు తెలియదు. శుక్రవారం పోండి, కానీ డబ్బు తీసుకుపోవద్దు. సర్వేయర్‌ని తీసుకుపోండి.